కంది వేరుకు మిత్రుడెవరు, శత్రువెవరు?



ఈ రోజు మనం మాట్లాడుకునే విషయం కంటికి కనిపించదు. దాని ఫలితం మాత్రం ఏటా మన చేలల్లో కనిపిస్తూనే ఉంటుంది. కంది పూత మీదికి వచ్చే వేళకు, నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క తల వాల్చేస్తుంది. నాలుగు రోజులు పోయాక దాని పక్క మొక్క, ఆ తర్వాత దాని పక్కది. నేలలో పదును ఉంది, ఎరువు వేశాం, పురుగు కనబడదు. అయినా మొక్క నిలువునా ఎండిపోతుంది. ఎండు తెగులు అంటాం దాన్ని. అదే చేలో, అదే మట్టిలో ఇంకో మొక్కను పెకలించి చూస్తే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఆ బుడిపెల్లో గాలిలోని నత్రజని మొక్కకు పనికొచ్చే ఎరువుగా మారుతూ ఉంటుంది.

ఈ రెండు పనులూ చేసేవి మట్టిలోని సూక్ష్మజీవులే. ఒకటి వేరులోకి దూరి మొక్కను చంపుతుంది. ఇంకొకటి అదే వేరులోకి దూరి మొక్కకు తిండి పెడుతుంది. మొక్కకు కళ్లు లేవు, చెవులు లేవు. మరి తన వేరు దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో అది ఎలా తేల్చుకుంటుంది? నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తలను వెంటాడిన ప్రశ్న ఇది. దీనికి జవాబు గత ముప్పై నలభై ఏళ్లలో కొంచెం కొంచెంగా బయటపడుతూ వచ్చింది. ఆ జవాబు మన వెల్దుర్తి చేలకు ఎందుకు అవసరమో చెప్పడానికే ఈ ప్రసంగం.

మన వెల్దుర్తి మండలం పల్నాడుకు పడమటి దిక్కున, మాచర్ల పక్కన, నల్లమల అంచున ఉంది. నాగార్జునసాగర్ జలాశయం దగ్గర్లోనే ఉన్నా, మన మెట్ట చేలలో ఎక్కువ భాగం వానను నమ్ముకున్నవే. పత్తి, మిరప, కంది మన పంటలు. వీటిలో పెట్టుబడి తక్కువ పట్టేది, వాన ముఖం చాటేసినా ఎంతో కొంత చేతికిచ్చేది కంది. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానంలో రూపొందిన ఎల్.ఆర్.జి. 30 కంది రకానికి ‘పల్నాడు’ అని మన ప్రాంతం పేరే పెట్టారు. కందికీ మనకూ ఉన్న బంధం అంతటిది. అందుకే ఈ కథను కంది వేరు దగ్గర నుంచే మొదలుపెడదాం.

వేరు అంటే నీళ్లు పీల్చే గొట్టం మాత్రమే అనుకుంటాం. నిజానికి వేరు తన చుట్టూ ఉన్న మట్టిలోకి రకరకాల పదార్థాలను వదులుతూ ఉంటుంది. చక్కెరలు, ఆమ్లాలు, ఇంకా ఎన్నో రసాయనాలు. ఆకులో ఎండతో తయారైన ఆహారంలో కొంత భాగం ఇలా మట్టిలోకే పోతుంది. అది వృథా ఖర్చు కాదని తెలిపిన పరిశోధన ఒకటి మన హైదరాబాద్ పక్కన, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలోనే జరిగింది. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో గట్టిగా కలిసిపోయి ఉంటుంది. నేలలో ఉన్నా చాలా పంటలకు అందదు. అలాంటి నేలలో కూడా కంది ఎలా బతుకుతోందని జపాన్ శాస్త్రవేత్త నోరిహారు అయె, ఆయన సహచరులు పరిశీలించారు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదులుతుందని, అది ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుందని వాళ్లు 1990లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అలా విడిపించుకున్న భాస్వరం కంది ఆకు రాలినప్పుడు మళ్లీ నేలకే చేరి, తర్వాత వేసే పంటకు కూడా ఉపయోగపడుతుంది. కంది వేసిన చేలో మరుసటి ఏడు పంట బాగుంటుందని పెద్దలు చెప్పే మాటకు ఇదొక కారణం. రెండో కారణం వేరు బుడిపెలు.

పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియాను 1888లో డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ విడదీసి పెంచగలిగాడు. దానికి మనం రైజోబియం అంటాం. కంది వేరుకు చేరే రకం ఆ కుటుంబంలో నెమ్మదిగా పెరిగేది. అది వేరులోకి ఎలా వస్తుందో, మొక్క దాన్ని ఎందుకు రానిస్తుందో తెలియడానికి మరో వందేళ్లు పట్టింది. మామూలు సూక్ష్మదర్శినితో బుడిపెను చూడగలం. బుడిపె పుట్టక ముందు మొక్కకూ బ్యాక్టీరియాకూ మధ్య ఏం జరిగిందో చూడలేం. దానికి జన్యువులను చదివే పనిముట్లు, అతి తక్కువ మోతాదులో ఉన్న రసాయనాన్ని కూడా పసిగట్టే పనిముట్లు కావాలి.

ఆ పనిముట్లు వచ్చాక తెలిసింది ఇది. ముందుగా వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. వాటి ఉనికి తెలియగానే రైజోబియంలో కొన్ని జన్యువులు మేలుకుంటాయి. అవి ఒక కొత్త పదార్థాన్ని తయారు చేస్తాయి. దాని పేరు నాడ్ ఫ్యాక్టర్. దాని నిర్మాణం ఏమిటో 1990లో ఫ్రాన్స్‌లోని తులూజ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. నాలుగైదు చక్కెర ముక్కల చిన్న గొలుసు, దాని చివర ఒక కొవ్వు తోక. అతి స్వల్ప మోతాదులో అది వేరును తాకినా చాలు, వేరు మీది సన్నని నూగు వంకర తిరిగి బ్యాక్టీరియాను చుట్టుకుంటుంది. ఆ వంకరలోంచి ఒక సన్నని దారి ఏర్పడి, బ్యాక్టీరియా లోపలికి నడుస్తుంది. లోపల బుడిపె పెరగడం మొదలవుతుంది.

బుడిపెను కోసి చూస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. మన నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టం ఆ రంగు. గాలిలోని నత్రజనిని మార్చే ఎంజైమ్ ప్రాణవాయువు తగిలితే పాడైపోతుంది. ఆ రంగు పదార్థం ప్రాణవాయువును పట్టి ఉంచి, బ్యాక్టీరియాకు ఊపిరికి చాలినంత మాత్రమే అందిస్తుంది. ఇందులో రైతుకు పనికొచ్చే విషయం ఒకటుంది. విత్తిన నలభై, నలభై ఐదు రోజులకు ఒక మొక్కను మట్టితో సహా జాగ్రత్తగా తవ్వి తీయండి. బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగో, ఎరుపో ఉంటే మీ రైజోబియం పని చేస్తోంది. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పని చేయడం లేదు. నేలలో నత్రజని ఎరువు మరీ ఎక్కువైతే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గిస్తుంది. ఎరువు చేతికి అందుతున్నప్పుడు బ్యాక్టీరియాకు చక్కెర పెట్టి పోషించే అవసరం దానికి లేదు. అందుకే పప్పుధాన్యాలకు ఎకరాకు 8 కిలోల నత్రజనే సిఫారసు చేస్తారు. కందికి యూరియా బస్తాలు కుమ్మరించడం మన డబ్బుతో మన స్నేహితుడిని గెంటేయడమే అవుతుంది.

ఇప్పుడు శత్రువు సంగతి చూద్దాం. ఎండు తెగులుకు కారణం ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంద్రం. బీహార్‌లోని పూసాలో పనిచేసిన బట్లర్ అనే శాస్త్రవేత్త దీన్ని 1910లో వర్ణించి పేరు పెట్టాడు. ఇది వేరు ద్వారా లోపలికి వెళ్లి, నీళ్లు పైకి వెళ్లే నాళాల్లో కాపురం పెడుతుంది. నాళాలు మూసుకుపోయి మొక్క ఎండిపోతుంది. కాండం మొదట్లో ఊదా రంగు చార పైకి పాకడం, కాండాన్ని చీల్చి చూస్తే లోపల గోధుమ రంగు, నలుపు గీతలు కనబడటం దీని గుర్తులు. మొక్క చచ్చినా ఇది చావదు. కంది మోళ్లలో, వేళ్ల ముక్కల్లో మూడేళ్ల దాకా నేలలో బతికే ఉంటుంది.

శిలీంద్రం గోడ కైటిన్ అనే పదార్థంతో కట్టినది. కైటిన్ కూడా చక్కెర ముక్కల గొలుసే. నాడ్ ఫ్యాక్టర్ ఏ చక్కెర ముక్కలతో తయారవుతుందో, కైటిన్ కూడా వాటితోనే తయారవుతుంది. ముఖ్యమైన తేడా గొలుసు పొడవులో, తోకలో ఉంటుంది. అంటే మిత్రుడు తెచ్చే గుర్తూ, శత్రువు ఒంటి మీది గుర్తూ దాదాపు ఒకే పదార్థం. మొక్క ఈ రెండింటినీ వేరు చేసి చూడటానికి వేరు కణాల పైపొరలో గ్రాహకాలు అనే ప్రొటీన్లు ఉన్నాయి. నాడ్ ఫ్యాక్టర్‌ను పట్టుకునే గ్రాహకాల జన్యువులు 2003లో దొరికాయి. బుడిపెలు కట్టలేని మొక్కలను ఏరి, వాటిలో చెడిపోయిన జన్యువు ఏదో వెతికి దాన్ని సాధించారు. కైటిన్‌ను పట్టుకునే గ్రాహకాలు కూడా అదే కుటుంబానికి చెందినవి. ఒకటి మోగితే మొక్క బుడిపె కట్టడం మొదలుపెడుతుంది. ఇంకొకటి మోగితే గోడలు గట్టిపరచుకుని, విషపదార్థాలు తయారు చేసుకుని యుద్ధానికి సిద్ధమవుతుంది.

ఇంత దగ్గరి చుట్టాలైన ఈ రెండు గ్రాహకాలకు తేడా ఎక్కడుందో 2020లో డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. గ్రాహకంలో రెండు చిన్న భాగాలు ఉన్నాయి. ఆ రెండింటినీ మార్చి అమర్చగానే కైటిన్‌ను చూసి పోరాడే గ్రాహకం, నాడ్ ఫ్యాక్టర్‌ను చూసి బుడిపె కట్టించే గ్రాహకంగా పని చేసింది. మిత్రుడికీ శత్రువుకూ మధ్య మొక్క గీసుకున్న గీత అంత సన్ననిది. ఆ గీతను మనిషి చదవగలిగాడు. నా మటుకు నాకు మన కాలపు గొప్ప శాస్త్ర విజయాల్లో ఇదొకటి. దీని మీద ఆధారపడి, గాలి నత్రజనిని వాడుకోలేని వరి, జొన్న లాంటి పంటలకు కూడా ఆ విద్య నేర్పగలమా అని ఇప్పుడు పరిశోధనలు నడుస్తున్నాయి.

కందిని పీడించే మరో జబ్బు వెర్రి తెగులు. మొక్క గుబురుగా, లేత పచ్చగా పెరుగుతుంది. ఆకులు చిన్నవవుతాయి. పూత రాదు, కాయ కట్టదు. 1931లో పూసాలో దీన్ని మొదటిసారి గుర్తించారు. కంటికి సరిగా ఆనని ఒక నల్లి దీన్ని మొక్క నుంచి మొక్కకు చేరుస్తుందని తర్వాత తెలిసింది. కానీ ఆ నల్లి మోసుకొస్తున్నదేమిటో డెబ్బై ఏళ్ల దాకా ఎవరికీ దొరకలేదు. వైరస్ అయి ఉండాలని అందరూ అనుకున్నారు, దాన్ని విడదీసి చూపించినవాళ్లు లేరు. చివరికి ఇక్రిశాట్‌లో పి. లవకుమార్, డి.వి.ఆర్. రెడ్డి, స్కాట్లాండ్ శాస్త్రవేత్త ఎ.టి. జోన్స్ కలిసి ఆ వైరస్‌ను శుద్ధి చేసి, దాని జన్యుపదార్థం ఎలాంటిదో తేల్చి 2003లో ప్రకటించారు. మరో పదేళ్లకు దాని జన్యుక్రమం పూర్తిగా చదివాక ఇంకో సంగతి బయటపడింది. ఈ తెగులు వెనక ఉన్న వైరస్ ఒకటి కాదు, రెండు. చేలో చూస్తే రెండూ ఒకే తెగులు. జన్యువు చదివితేనే రెండు వేర్వేరు శత్రువులని తెలుస్తుంది.

శత్రువు పేరు తెలియడం వల్ల రైతుకు లాభమేమిటని అడగవచ్చు. లాభం ఉంది. మారుతి అనే కంది రకం ఎండు తెగులును బాగా తట్టుకుంటుంది. వెర్రి తెగులుకు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. ఆశ అనే రకం రెండింటినీ తట్టుకునేలా వచ్చింది. మీ చేలో ఉన్నది ఏ తెగులో తెలియకుండా, తట్టుకునే విత్తనం అంటే చాలని కొనుక్కొస్తే డబ్బు పోతుంది, పంటా పోతుంది. ఇంకో మాట. పటాన్‌చెరులో వెర్రి తెగులును తట్టుకున్న కంది రకాలు చాలా బెంగళూరు దగ్గర దానికి లొంగిపోయాయి. అక్కడి వైరస్ వేరు రకం. ఒక చోట గెలిచిన విత్తనం అన్ని చోట్లా గెలుస్తుందని అనుకోకూడదు.

ఆ ఆశ రకం కందికే మరో గౌరవం దక్కింది. దాని డీఎన్‌ఏను మొదటి నుంచి చివరి దాకా చదివే పని రెండు బృందాలు చేపట్టాయి. ఒకటి భారత వ్యవసాయ పరిశోధన మండలి బృందం. రెండోది ఇక్రిశాట్ నాయకత్వంలో రాజీవ్ వర్ష్‌నీ నడిపిన అంతర్జాతీయ బృందం. 2011లో రెండు ఫలితాలూ వెలువడ్డాయి. కందిలో 48,680 జన్యువులు ఉంటాయని ఇక్రిశాట్ బృందం అంచనా కట్టింది. గోధుమ, మొక్కజొన్న మీద పెట్టినంత శ్రద్ధ ప్రపంచం ఏనాడూ కంది మీద పెట్టలేదు. మెట్ట రైతు పంట కదా అని పక్కన పెట్టింది. అలాంటి పంట జన్యుక్రమం మన గడ్డ మీద పని చేసిన శాస్త్రవేత్తల చేతుల మీదుగా లోకానికి అందడం మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి. ఇప్పుడు ఎండు తెగులును తట్టుకునే గుణం డీఎన్‌ఏలో ఎక్కడుందో వెతకడానికి ఒక పటం చేతిలో ఉంది.

పటం ఉంటే ఏం సాధించవచ్చో చూడాలంటే మనకు బాగా తెలిసిన బీపీటీ వరి దగ్గరికి రావాలి. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. అన్నం రుచిలో దానికి సాటి లేదు. కానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో రమేశ్ శొంఠి బృందం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో ఆర్.ఎం. సుందరం తదితరులు కలిసి దీని మీద పని చేశారు. తెగులును ఆపే మూడు జన్యువులను బీపీటీలోకి తెచ్చారు. వాటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. బ్యాక్టీరియాను గుర్తుపట్టే గ్రాహకం అది. రెండోది ఇంకా విచిత్రమైనది. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వరి కణంలోకి ఒక ప్రొటీన్‌ను పంపి, చక్కెరను బయటికి పంపే జన్యువును తెరిపిస్తుంది. ఆ చక్కెర తిని బతుకుతుంది. తెగులును ఆపే ఈ రెండో రకం ఉన్న మొక్కలో, చక్కెరను పంపే ఆ జన్యువు ముందున్న డీఎన్‌ఏ మారిపోయి ఉంటుంది. బ్యాక్టీరియా పంపిన ప్రొటీన్‌కు పట్టు దొరకదు, చక్కెర బయటికి రాదు. మూడో జన్యువు కూడా బ్యాక్టీరియా పంపే ఇలాంటి ప్రొటీన్ల ఆటలు సాగనివ్వదు.

ఇదంతా చేసింది మామూలు సంకరంతోనే. పలుమార్లు బీపీటీతోనే సంకరం చేసి, ప్రతి తరంలో లేత ఆకు ముక్క తీసుకుని, అందులోని డీఎన్‌ఏను పరీక్షించి, మూడు జన్యువులూ ఉన్న మొక్కలను మాత్రమే ముందుకు నడిపారు. పొలంలో తెగులు వచ్చేదాకా కాచుకుని కూర్చోవలసిన పని లేదు. అలా రుచి పోకుండా తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరి 2008లో రైతులకు విడుదలైంది. ఒక్క జన్యువు చాలదా, మూడెందుకు అంటే, బ్యాక్టీరియా కూడా మారుతుంది కాబట్టి. ఒక అడ్డును దాటే రకం దానిలో పుట్టవచ్చు. మూడింటినీ ఒకేసారి దాటడం దానికి కష్టం. 2019లో విదేశీ పరిశోధకులు జన్యు సవరణ పద్ధతితో వరిలోని ఇలాంటి చక్కెర జన్యువుల ముందు భాగాలను మార్చి, ఎన్నో రకాల ఎండాకు తెగులు బ్యాక్టీరియాను తట్టుకునే మొక్కలను కూడా తయారు చేసి చూపించారు.

ఇక మట్టి సంగతి. చిటికెడు మట్టిలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. పూర్వం వాటిని తెలుసుకోవాలంటే గాజు పళ్లెంలో పెంచి చూడాలి. వాటిలో చాలా భాగం పళ్లెంలో పెరగనే పెరగవు. ఇప్పుడు మట్టిలో ఉన్న డీఎన్‌ఏ మొత్తాన్ని తీసి, బ్యాక్టీరియాకూ శిలీంద్రానికీ గుర్తుగా పనికొచ్చే కొన్ని జన్యువులను పీసీఆర్ పద్ధతిలో లక్షల రెట్లు పెంచి, వాటి అక్షరాలను చదువుతారు. ఒక ఊళ్లో జనాభా లెక్కలు రాసినట్టు ఆ మట్టిలో ఎవరెవరు ఎంతమంది ఉన్నారో రాసుకోవచ్చు. 2012లో అమెరికా, జర్మనీ బృందాలు ఇలా లెక్క తీసి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాయి. మట్టిలో ఉన్నవన్నీ వేరు లోపలికి చేరవు. మొక్క తనకు కావలసినవాటిని ఏరుకుంటుంది. ఆ ఏరుకునే గుణం మొక్క జాతిని బట్టే కాక, మట్టిని బట్టి కూడా మారుతుంది. మన నల్లరేగడిలో పని చేసే సూక్ష్మజీవులు ఎర్ర నేలలో అలాగే పని చేస్తాయని చెప్పలేం. వెల్దుర్తి మట్టికి ఏది సరిపోతుందో వెల్దుర్తి మట్టిలోనే పరీక్షించాలి. డబ్బా మీద ఎంత గొప్పగా రాసి ఉన్నా, ఏ ఊరి మట్టిలో పరీక్షించారని అడిగే హక్కు రైతుకు ఉంది.

మిరప రైతులకు కూడా ఒక మాట. మిరప ఆకు ముడత పడగానే మందు కొట్టేస్తాం. తామర పురుగు వల్ల ఆకు పైకి ముడుచుకుంటుంది. తెల్లనల్లి వల్ల కిందికి ముడుచుకుంటుంది. తెల్లదోమ మోసుకొచ్చే బొబ్బర తెగులులోనూ ఆకు ముడుచుకుంటుంది. బొబ్బర తెగులుకు కారణం వైరస్. ఒకసారి వైరస్ మొక్క లోపలికి చేరాక ఏ మందు కొట్టినా ఆ మొక్క కోలుకోదు. దాన్ని పీకి తీసేయడం, తెల్లదోమను అదుపు చేయడం మాత్రమే దారి. ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి పరీక్షిస్తే అది వైరసో కాదో తేలిపోతుంది. జపాన్‌లో 2000 ప్రాంతంలో వచ్చిన లాంప్ అనే పద్ధతిలో పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. ఒకే వేడి దగ్గర ఉంచితే ఫలితం వస్తుంది. ఇలాంటి పరీక్షలు ప్రయోగశాల గోడలు దాటి మండల కేంద్రాల దాకా రావాలి. తెలియని రోగానికి మందు కొట్టి పోగొట్టుకునే డబ్బులో కొంత మిగిలినా మన రైతుకు అది పెద్ద ఊరట.

ఈ పనిముట్ల వల్ల రాత్రికి రాత్రి అన్నీ మారిపోతాయని నేను చెప్పను. గాజు పరికరంలో శుభ్రంగా జరిగిన సంగతి, వానా ఎండా గాలీ ఉన్న చేలో అలాగే జరగకపోవచ్చు. సూక్ష్మజీవి కూడా ఊరుకోదు, తన దారి తాను మార్చుకుంటూనే ఉంటుంది. తట్టుకునే రకం పది పదిహేనేళ్లకు తట్టుకోలేకపోవచ్చు. అందుకే ఈ చదువు ఒక్కసారి చదివి మూసేసేది కాదు. చేలో ఏం జరుగుతోందో రైతు చెబుతూ ఉండాలి, లోపల ఏం మారిందో శాస్త్రవేత్త చదువుతూ ఉండాలి. రైతు నుంచి నమూనా రాకపోతే ప్రయోగశాలలో ఎంత గొప్ప యంత్రం ఉన్నా అది మన చేను గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు.

కాబట్టి వచ్చే ఖరీఫ్‌కు ముందు మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను. పోయిన ఏడు కంది ఎండిన చేలో ఈ ఏడు మళ్లీ కంది వేయకండి. మూడేళ్ల పాటు జొన్న లాంటి పంట మార్చి వేయండి. వేయక తప్పకపోతే జొన్నను అంతర పంటగా వేయండి, దానితో ఎండు తెగులు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. తెగులు వచ్చిన మోళ్లను దుక్కిలో కలపకుండా ఏరి కాల్చేయండి. విత్తనశుద్ధి తప్పకుండా చేయండి. మందుతో శుద్ధి చేసేవాళ్లు ముందు ఆ పని ముగించి, రైజోబియం పొడిని చివర్లో, విత్తే ముందు, బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టండి. ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం చాలు. ఎండు తెగులున్న నేలలో 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమగా ఉంచి, వారం పది రోజులు నీడలో మాగబెట్టి, దుక్కిలో చల్లండి. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే, కానీ అది మన శత్రువుకు శత్రువు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరగా చెబుతున్నాను. చేలో మొక్క ఎండితే పీకి గట్టు మీద పారేయకండి. కాండాన్ని చీల్చి చూడండి. వేరూ మట్టీ కలిపి ఒక కాగితపు సంచిలో పెట్టి, ఏ పంట, ఏ రకం, ఎప్పుడు విత్తారు, ఎప్పుడు ఎండింది అని రాసి, మీ రైతు సేవా కేంద్రానికో, లాం పరిశోధన స్థానానికో అందజేయండి. ఇది ఏ తెగులు అని అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి. చదువుకున్న మీ పిల్లలను ఆ పరీక్ష ఎలా చేస్తారో చూసి రమ్మనండి. మన వెల్దుర్తి బడుల్లో చదువుతున్న పిల్లల్లోంచి రేపు ఒక్క సూక్ష్మజీవ శాస్త్రవేత్త వచ్చినా, మన కంది చేను కష్టం తన సొంత కష్టంగా తెలిసినవాళ్లు ప్రయోగశాలలో కూర్చుంటారు. పల్నాడు మెట్ట రైతుకు కావలసిన శాస్త్రం అప్పుడే పూర్తిగా మనదవుతుంది.